రాత్రి బడికి చందా అడిగే ముందు

చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో డ్వాక్రా అక్కలకి రాత్రి ఏడున్నరకి చదువు చెబుతున్నాం. పుస్తకాలకీ, బల్బులకీ చందాల కోసం తిరగడమే పెద్ద టెన్షన్. "సాయం చేయండి" అంటే "చూద్దాంలే" అనేవారే ఎక్కువ.

ఈసారి వరస మార్చాం. ముందు ఉచితంగా దొరికేవి తెచ్చుకోండి. కేంద్రం 2022 నుంచి 2027 వరకు నడుపుతున్న ఉల్లాస్ పథకం 15 ఏళ్లు, ఆపైన ఉన్న చదువురానివాళ్ల కోసమే. ఉల్లాస్ యాప్‌లో నేర్చుకునేవాళ్లనీ, చెప్పేవాళ్లనీ నమోదు చేయండి. తెలుగు వాచకాల కోసం జిల్లా వయోజన విద్య ఆఫీసులో అడగండి. చివర్లో పరీక్ష ఉంటుంది: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోటి 50 మార్కులు. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. మా అక్కలకి ఆ సర్టిఫికెట్ మీదే ఆశంతా.

ఇక మిగిలినవే ఒక తెల్లకాగితం మీద రాయండి. 20 మందికి మేం రాసింది: 20 రెండు గీతల నోటుపుస్తకాలు, 20 పెన్సిళ్లు, ఒక నల్లబల్ల, రెండు పెట్టెల సుద్దముక్కలు, రెండు ఎల్‌ఈడీ బల్బులు. ప్రతి వస్తువు ఎదురుగా ఖాళీ వదలండి. డబ్బు అడగొద్దు, వస్తువే అడగండి. ఇస్తానన్నవారి చేత అక్కడే పేరు రాయించండి. రైస్ మిల్లు ఆయన బల్బుల పక్కన రాశారు, రిటైరైన మేస్టారు నోటుపుస్తకాల పక్కన. రెండు సాయంత్రాల్లో కాగితం నిండిపోయింది.

ఒక్క జాగ్రత్త. ఉల్లాస్‌లో చదువు చెప్పేవాళ్లకి జీతం ఉండదు, అంతా స్వచ్ఛందమే. ఆ మాట మొదటిరోజే చెప్పేయండి. వరి ఊడుపుల రోజుల్లో మాత్రం కాగితం పట్టుకుని వెళ్లకండి, ఎవరికీ తీరిక ఉండదు.