గార్డ్‌లో గ్రిప్ పోరు – 4వ పాఠం: విడిపించిన చేతిని వదలొద్దు

బ్రెజిలియన్ జియు-జిట్సులో గార్డ్ అంటే కింద ఉండి కాళ్లతో ప్రత్యర్థిని అడ్డుకునే స్థితి. అక్కడి నుంచి కాలర్ పట్టి అతన్ని లాగే కాలర్ డ్రాగ్‌ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి చెప్పిన స్లీవ్ పట్టుతో (ప్రత్యర్థి చొక్కా చేతిని పట్టుకోవడం) రెండు నిమిషాలకే మీ ముంజేతులు బిగుసుకుపోతుంటే ముందుకెళ్లి లాభం లేదు.

బొటనవేలితో నొక్కి, మోచెయ్యి మడిచి లాగుతున్నారు, అందుకే ఆ నొప్పి. కఫ్ అంచున, అంటే స్లీవ్ చివర మణికట్టు దగ్గర, గుడ్డ వదులంతా పోగుచేసి, నాలుగు వేళ్లూ కొక్కెంలా తగిలించండి. ఉంగరం వేలు, చిటికెన వేలు గట్టిగా ఉంటే చాలు. బొటనవేలు నేనైతే అసలు వాడను. చెయ్యి దాదాపు చాచి ఉంచి, పాదంతో ప్రత్యర్థి తుంటిని నెట్టండి. గుడ్డ బిగిసేది ఆ నెట్టుడుతోనే. వేళ్లు కఫ్ లోపలికి పోనివ్వకండి, ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) పోటీల్లో అది ఫౌల్. వేలు గుడ్డలో మెలిపడితే మాత్రం పట్టు వెంటనే వదిలేయండి.

ఇక అతని పట్టు విడిపించడం. కుడిచేత్తో మీ ఎడమ మోకాలి దగ్గర పాంట్ పట్టాడనుకోండి. మీ ఎడమచేత్తో ఆ చేతి కఫ్ పట్టుకుని కదలకుండా ఆపి, కాలు ఒక్క ఊపున చాచండి. కాలర్ పట్టుకుంటే రెండు చేతులూ ఆ ఒక్క కఫ్ మీదికే వెళ్లాలి. మోచేతులు చాచుతూ అతనివైపు నెట్టండి, అదే క్షణంలో భుజాలు వెనక్కి వేయండి. చేతుల బలంతోనే పీకబోతే పట్టు వదలదు, మీరే అలిసిపోతారు.

అసలు తప్పు దీని తర్వాతే జరుగుతోంది. పట్టు ఊడగానే చెయ్యి వదిలేస్తున్నారు! ఆ చెయ్యి మీ కాలర్‌కి జానెడు దూరంలోనే ఉంది, మళ్లీ పట్టడానికి అతనికి ఒక్క చెయ్యి చాలు. మీకు ప్రతిసారీ రెండు చేతులు, నడుము, భుజాలు కావాలి. ఇలా మూడుసార్లు జరిగితే అతను తాజాగా ఉంటాడు, మీరు రొప్పుతుంటారు. పట్టు ఊడినప్పుడు ఆ కఫ్ మీ గుప్పిట్లోనే ఉంది కదా, దాన్ని ఉంచుకోండి. ఎడమచెయ్యి కఫ్ మీదే ఉండగా కుడిచెయ్యి సూటిగా అతని కాలర్‌కి వెళ్లాలి. లేదా ఎడమ పాదాన్ని అతని కుడి బైసెప్ మీద పెట్టి స్పైడర్ గార్డ్‌కి వెళ్లండి. అతను ముందుకు తోస్తుంటే నాకు నచ్చేది ఆర్మ్ డ్రాగ్: కఫ్‌ని కుడిచేతికి మార్చి మీ కుడి తుంటివైపు లాగుతూ, ఎడమచేత్తో అతని ట్రైసెప్ వెనక పట్టుకుని, మీరు ఎడమకి జరగండి. అతని వీపు మీకు దొరుకుతుంది.

అతను మీ మణికట్టు పట్టుకుంటే అతని బొటనవేలి సందువైపు తిప్పి లాగండి, చాలు.

సాధన: 2 నిమిషాల చొప్పున 5 రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. భాగస్వామి పాంట్, కాలర్ మాత్రమే పట్టాలి, గార్డ్ దాటే ప్రయత్నం చేయకూడదు. అతని పట్టు విడిపించాక మీ పట్టు 2 సెకన్లు నిలిస్తేనే ఒక పాయింట్, వదిలేస్తే ఒకటి పోతుంది. రౌండ్‌కి 4 పాయింట్లు రాకపోతే ఆ రౌండ్ మళ్లీ చేయండి.