రానివాళ్ల పుస్తకం

మారుమూల ఊళ్లలో నెలనెలా వైద్య శిబిరం పెట్టాలంటే ఏమేం కావాలని కొత్తగా చేరిన నర్సులు అడుగుతుంటారు. మందుల జాబితా చెబుతానేమోనని పెన్ను పట్టుకుని కూర్చుంటారు. నేను మాత్రం ముందు రెండు నోటుపుస్తకాలు తెచ్చుకోమంటాను. ఒకటి వచ్చినవాళ్లకి, రెండోది రానివాళ్లకి.

నర్సుగా పదిహేడేళ్లు తిరిగాను. మొదటి రెండేళ్లు నా దగ్గర ఒక్క పుస్తకమే ఉండేది. జీపు దిగగానే జనం చుట్టుముట్టేవారు, సాయంత్రానికి ఎనభై పేర్లు నిండేవి, బాగా పనిచేశామనుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లం. ఒకరోజు పాత పేజీలు తిరగేస్తే తిప్పితిప్పి అవే పేర్లు. జీపు ఆగే చోటికి దగ్గరలో ఉన్నవాళ్లు, నడవగలిగినవాళ్లు, గట్టిగా అడగగలిగినవాళ్లు. వాగు అవతలి పదకొండు ఇళ్ల నుంచి రెండేళ్లలో ఒక్క పేరూ లేదు. వాళ్లకి జబ్బులేవీ లేవు కాబోలు అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ నిజం.

బ్రిటన్‌లోని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊళ్లో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ఈ సంగతి రాశారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది తక్కువ అందుతుందని. అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నా ఒక్కదాని తప్పే కాదని.

కాబట్టి మొదటి శిబిరానికి ముందే ఒకరోజు ఖాళీ చేతులతో ఊరికి వెళ్లండి. నేల మీద చాక్‌పీసుతో ఊరి మ్యాపు గీయించండి. ఊరి పెద్దలతో గీయిస్తే పెద్దల ఇళ్లే వస్తాయి. కాన్పులు చేసే ముసలమ్మని, పిల్లల్ని కూర్చోబెట్టండి. ఎవరింట్లో ఎవరు మంచం పట్టారో, ఏ గుడిసెలోకి కొత్తవాళ్లు వచ్చారో పిల్లలకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంటికో నంబరు వేసి గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, మంచాన ఉన్నవాళ్లు, బీపీ, షుగరు, ఫిట్స్, టీబీ మందులు వాడేవాళ్ల పేర్లు రాసుకోండి. శిబిరం అయ్యాక వచ్చినవాళ్ల పేర్లు కొట్టేయండి. మిగిలినవి రెండో పుస్తకంలోకి ఎక్కించండి, పక్కనే కారణం కూడా.

కారణం గడిలో 'నిర్లక్ష్యం' అని రాయొద్దు. ఆ మాట రాస్తే ఇక మనం చేయడానికేమీ మిగలదు.

ఒకామె ఇల్లు మా జీపు ఆగే చెట్టుకి ఎదురుగానే. ఐదో నెల. మూడు శిబిరాలకీ రాలేదు. నాలుగోసారి నేనే వెళ్లి గడప మీద కూర్చున్నాను. కాసేపు అదీ ఇదీ మాట్లాడాక అసలు సంగతి చెప్పింది: "మీ బల్ల దగ్గర చెప్పింది సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది సిస్టరమ్మా." నిజమే. నెలసరి ఎప్పుడు ఆగిందని నేను గట్టిగా అడిగేదాన్ని, క్యూ నా భుజం వెనకే ఉండేది. మరుసటి నెల బల్లని గది మూలకి జరిపి, తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీశాం. క్యూ పదిహేను అడుగుల అవతల మొదలయ్యేలా గీత గీశాం. అందరూ వెళ్లాక చివర్లో వచ్చిందామె. బీపీ 150/100. గర్భిణికి 140/90కి చేరితే చాలు, కంగారు పడాలి. తలనొప్పి లేదు, కాళ్ల వాపు లేదు, ఆమెకి ఏమీ తెలియదు. ఆ దుప్పటి లేకపోతే నాకూ తెలిసేది కాదు.

ఇలాంటి కారణాలే మళ్లీమళ్లీ వస్తాయి. మన శిబిరం టైముకి పనిలో ఉంటారు. తోడు వచ్చేవాళ్లు ఉండరు. ఎప్పుడో ఎవరో కసిరి ఉంటారు, ఒక్కసారి కసిరితే చాలు. పనికి వెళ్లేవాళ్ల కోసం అప్పుడప్పుడు శిబిరాన్ని సాయంత్రం పెట్టండి. తేదీ మాత్రం మార్చకండి. వాన వల్ల వెళ్లలేకపోతే ముందే కబురు పంపండి. ఎదురుచూసి వెనక్కి వెళ్లినవాళ్లని మళ్లీ రప్పించడానికి నాకు ఏడాది పట్టింది.

మందుల పెట్టె గురించి పెద్దగా చెప్పను, జాబితాలు అంతటా దొరుకుతాయి. ఒక్క టీకాల సంగతి చెప్పాలి. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకి పాడవుతాయని అందరికీ భయమే గానీ, గడ్డకట్టినా పాడవుతాయని మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. తొందరలో ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకులు అలాగే పెట్టేశాను. వెళ్లేసరికి హెపటైటిస్ బి సీసాలు రాళ్లలా ఉన్నాయి. ఎండ పడి నడిచి వచ్చిన తల్లుల్ని వెనక్కి పంపేశాను. ఐస్‌ప్యాకుని బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలో పెట్టండి.

ఇక పెద్దాసుపత్రికి పంపడం. అసలు చిక్కంతా ఇక్కడే. చీటీ రాసిచ్చి పంపించేశాం అంటారు. పంపించలేదు, చీటీ ఇచ్చారంతే. తల్లుల మరణాల మీద పనిచేసిన సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ 1994లో మూడు ఆలస్యాలని చెప్పారు: వెళ్దామా వద్దా అని తేల్చుకోవడంలో, దారిలో, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో. నా చీటీ ఈ మూడింటిలో ఒక్కదాన్నీ తగ్గించదు. అందుకే చీటీ వెనక నాలుగు ప్రశ్నలు రాసుకుంటాను. తోడు ఎవరు? బండి ఎవరిది? ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? చేతిలో డబ్బుందా? ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ మనిషి వెళ్లదు. తర్వాత అక్కడి నర్సుకి ఫోన్ చేసి ఫలానా ఆవిడ వస్తోందని పేరుతో చెబుతాను. వారంలోపు మళ్లీ ఫోన్ చేసి చేరిందో లేదో కనుక్కుంటాను. చేరకపోతే పేరు రెండో పుస్తకంలోకే.

కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. వాగు పొంగే రోజుల్లో నెలలు నిండినవాళ్లని ముందే ఆసుపత్రి దగ్గరకి చేర్చి, అక్కడే ఉండే ఏర్పాటు చూడండి. బండి వెతకడం నొప్పులు మొదలయ్యాక చేసే పని కాదు. ఒకసారి ఉత్తుత్తిగా రాత్రి పది గంటలకి బండివాళ్లకి ఫోన్ చేసి చూడండి. మేం చేస్తే ముగ్గురిలో ఒక్కరే ఎత్తారు. ఆయన కూడా బండిలో డీజిల్ లేదన్నారు.

ప్రతిదానికీ రోగినే పంపక్కర్లేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో వీడియోలో మారుమూల డాక్టర్లకి హెపటైటిస్ సి వైద్యం నేర్పడం మొదలుపెట్టారు. అక్కడ నయమైనవాళ్ల శాతం పెద్దాసుపత్రితో సమానంగా ఉందని 2011లో తేలింది. మనకి అంత ఏర్పాటు లేకపోయినా, వారానికో గంట ఫోన్ ఎత్తే ఒక్క స్పెషలిస్టుని పట్టుకోండి, చాలు.

మనం నెలకోసారి వెళ్తాం. మిగతా రోజులు చూసేది ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త. ఆమెతో సేవ పేరు చెప్పి ఊరికే చేయించుకోవద్దు. జీతం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. జీతం ఇప్పించలేకపోతే పనైనా తగ్గించండి.

పై ఆఫీసుకి లెక్కలు పంపేటప్పుడు ఊరంతటికీ కలిపి ఒక్క శాతం రాయకండి. నూరుమందిలో తొంభైమందికి టీకా వేశామంటే మెచ్చుకుంటారు. మిగిలిన పదిమందీ వాగు అవతలే ఉంటే? పేటల వారీగా విడదీయండి. పెంటా (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటి డోసు వేయించుకున్న పిల్లల్లో మూడో డోసుకి రానివాళ్లు నూటికి పది దాటితే, మొదటిసారి మీ దగ్గర ఏం జరిగిందో ఆ తల్లుల్నే అడగండి.

మూడు నెలలకోసారి రెండో పుస్తకాన్ని కొత్తగా రాస్తాను. కొన్ని పేర్లు పోతాయి, కొన్ని మిగులుతాయి. వాగు అవతలి ఒక తాత పేరు నాలుగుసార్లు ఎక్కించాను. టీబీ మందులు రెండో నెలలో మానేశాడు. కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే బుధవారం మందుల పెట్టె జీపులోనే వదిలేసి, ఊరికే కూర్చుని రావడానికి వెళ్తున్నాను.