జ్వరం లేకపోయినా కొవిడ్ కావచ్చు: కిడ్నీ మార్పిడి జరిగిన ఇళ్లకు వానకాలం జాగ్రత్తలు

మా తమ్ముడికి నా కిడ్నీ ఇచ్చి ఏడేళ్లు దాటింది. 2022 జనవరిలో, ఒమిక్రాన్ హైదరాబాదులో ఇంటింటి తలుపూ తట్టిన రోజుల్లో, వాడికీ కొవిడ్ వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు. రెండు రోజులు నీళ్ల విరేచనాలు, మంచం దిగలేనంత నీరసం. బయటి తిండి పడలేదనుకుని మజ్జిగ తాగించి ఊరుకున్నాం. మూడో రోజు పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్, ఎప్పుడూ 1.3 దాటనిది 1.9కి చేరింది. అది పెరిగిందంటే కిడ్నీ దెబ్బతింటోందని అర్థం. ఊరికే పోగొట్టుకున్న ఆ రెండు రోజులను తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. మృగశిర కార్తె వచ్చి ముసురు పట్టేలోపు ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. దాంతో అందరూ ఆ మాటే మరిచిపోయారు. వైరస్ మాత్రం పోలేదు. 2025 మే, జూన్ నెలల్లో దేశంలో కేసులు మళ్లీ పెరిగాయి. పక్కింటివారికి అది నాలుగు రోజుల జలుబు. మనవాళ్లకు అలా కాదు. శరీరం కొత్త కిడ్నీని ఎన్నేళ్లయినా పరాయిదిగానే చూస్తుంది. దాని మీద దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ వంటి మందులతో రక్షణ వ్యవస్థను అణచి ఉంచుతారు. ఆ అణచివేత వల్లే వైరస్‌కు దారి సులువవుతుంది, ఒంట్లో వారాల తరబడి తిష్ఠ వేస్తుంది. వీటిలో ప్రెడ్నిసలోన్ స్టెరాయిడ్, దాని వల్ల జ్వరం పైకి కనిపించకపోవచ్చు కూడా. 2020లో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన అవయవ మార్పిడి రోగుల్లో దాదాపు ఐదింట ఒకరు చనిపోయినట్టు అప్పటి పరిశీలనల్లో తేలింది. టీకాలు, ఒమిక్రాన్ వచ్చాక ముప్పు బాగా తగ్గింది. అయినా మిగతావారితో సమానం కాలేదు. మార్పిడి జరిగిన తొలి నెలల్లోనూ, రిజెక్షన్‌కు, అంటే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించినప్పుడు, చికిత్స తీసుకున్న వెంటనే కూడా ఇంకా జాగ్రత్త అవసరం.

నేను చెప్పదలచిన అసలు మాట ఒకటే. గొంతు నొప్పి, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, వింత నీరసం, వీటిలో ఏది కనిపించినా మొదటి రోజే మీ మార్పిడి క్లినిక్‌కు ఫోను చేయండి. వీధి చివరి డాక్టరుకు చూపించి, తగ్గకపోతే అప్పుడు చూద్దామనుకోవద్దు. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ పరీక్షలో నెగటివ్ వచ్చినా నమ్మకంగా కూర్చోకండి, ఆర్‌టీపీసీఆర్ అవసరమా అని అడగండి. వైరస్‌ను అడ్డుకునే మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి.

ఆ మాత్రల్లోనూ ఒక గండం ఉంది. వాటిలో ఒకటైన పాక్స్‌లోవిడ్‌లో నిర్మాట్రెల్విర్‌తో పాటు రిటోనవిర్ ఉంటుంది. అది కాలేయంలో టాక్రోలిమస్ విరిగిపోకుండా ఆపేస్తుంది. అప్పుడు రోజూ వేసుకునే మోతాదే ఒంట్లో ఎన్నో రెట్లు పేరుకుని కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే కిడ్నీ డాక్టరుకు తెలియకుండా దాన్ని ముట్టుకోకూడదు. చాలాసార్లు వారు రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ వైపు మొగ్గుతారు.

మందులు సొంతంగా ఆపడం అంతకన్నా ప్రమాదం. "రక్షణ వ్యవస్థను అణచే మందులే కదా, జబ్బు తగ్గేదాకా మానేద్దాం" అని మా ఇంట్లోనే ఒకరు అన్నారు. మానేస్తే వైరస్ పోయేలోపు కిడ్నీ పోవచ్చు. ప్రెడ్నిసలోన్ హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. తమ్ముడికి డాక్టరుగారు మైకోఫెనోలేట్ కొన్నాళ్లు ఆపారు, స్టెరాయిడ్ కొంచెం పెంచారు, రక్తంలో టాక్రోలిమస్ (మేము టాక్రో అంటాం) ఎంత ఉందో పరీక్షలో చూసి దాని మోతాదు తగ్గించారు. విరేచనాల్లో టాక్రోలిమస్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ పరీక్ష సంగతి కూడా చెప్పాలి. పొద్దున మాత్ర వేసుకోకముందే, రాత్రి మోతాదుకు పన్నెండు గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. తమ్ముడు మాత్రను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, నీళ్ల సీసాతో ల్యాబు బయట బల్ల మీద కూర్చుంటాడు. సూది తీసి దూది అద్దగానే, ఆ దూదిని మోచేతి మడతలో బిగించి, రెండో చేత్తో మాత్ర నోట్లో వేసుకుంటాడు. ముందే వేసుకుని వెళ్తే వచ్చే అంకె తప్పు, దాన్ని చూసి మార్చే మోతాదూ తప్పే.

మందుల షాపులో "కొవిడ్ కిట్" అడగకండి. ఒంటి నొప్పులకని మాకు ఒకచోట డైక్లోఫెనాక్ కలిసిన మాత్ర ఇచ్చారు. అట్ట మీద చూసి వెనక్కి ఇచ్చేశాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కిడ్నీకి రక్త ప్రసారాన్ని తగ్గిస్తాయి. జ్వరానికి, నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు కూడా టాక్రోను పెంచుతాయి. పక్కింటి పిన్నిగారు ఎంతో ప్రేమగా తెచ్చే తిప్పతీగ కషాయం, అశ్వగంధ పొడి కూడా వద్దు. రోగనిరోధక శక్తిని పెంచుతుందంటూ ఇచ్చేదేదైనా, మనం మందులతో అణచి ఉంచినదాన్నే రెచ్చగొట్టవచ్చు. పిన్నిగారికి నచ్చజెప్పండి, ఆవిడ అర్థం చేసుకుంటారు.

బోనాలకు లష్కర్ జాతరకో, నిమజ్జనానికి ట్యాంక్‌బండ్‌కో వెళ్లవద్దని చెప్పడం నాకూ కష్టమే. తెల్లవారుజామున జనం లేనప్పుడు గుడికి వెళ్లి రావచ్చు. మెట్రోలో, ఆసుపత్రి ఓపీలో ఎన్‌95 మాస్కు తప్పనిసరి. ఓపీలో కూర్చునే రెండు మూడు గంటలే అన్నిటికంటే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా వారు వేరే గదిలో పడుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి.

టీకా ఒక్కటే చాలదని కూడా తెలుసుకోవాలి. 2021లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అవయవ మార్పిడి జరిగిన 658 మందిని పరిశీలిస్తే, ఎంఆర్ఎన్ఏ టీకా రెండు డోసుల తర్వాత కూడా 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. అందుకే వీరికి అదనపు డోసులు, ఇంట్లో మిగతా అందరికీ టీకాలు. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దాని గురించి భయం అక్కర్లేదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవారు మార్పిడికి ముందే టీకాలు పూర్తి చేసుకోవడం మేలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. జ్వరం, ఆక్సిజన్, రక్తపోటు, బరువు, మూత్రం ఎంత వచ్చింది, పూటపూటా రాయండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, పొత్తికడుపులో కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి వచ్చినా ఆసుపత్రికి బయలుదేరండి. కోలుకున్న తర్వాత కూడా ముఖం ఒకవైపు మొద్దుబారడం, కన్ను వాయడం, ముక్కులోంచి నల్లటి స్రావం ఉంటే ఆ రోజే చూపించాలి. 2021లో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయింది. షుగరు ఉండి స్టెరాయిడ్ వాడేవారికి ఆ ముప్పు ఎక్కువ. వానలకు దారులు మూసుకుపోయే రోజులుంటాయి కాబట్టి పదిహేను రోజుల మందులు ఇంట్లో ఉంచుకోండి.

నా సంగతీ అడుగుతుంటారు. కిడ్నీ ఇచ్చినవారు ఈ మందులేవీ వాడరు కాబట్టి కొవిడ్ మాకు మామూలు మనుషులకు వచ్చినట్టే వస్తుంది. నొప్పి మాత్రల జోలికి మాత్రం మేమూ వెళ్లకూడదు. ఏడాదికోసారి రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవాలి. నేను తమ్ముడితో పాటే వెళ్తాను, అదే ల్యాబు, అదే బల్ల.