బోర్డుపై ఒరిగే ట్రాన్స్‌ఫార్మర్: నా అనుభవం

చర్లపల్లిలోని మా యూనిట్‌లో పవర్ సప్లై బోర్డులు చేస్తాం. ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్ బోర్డుపై సమంగా కూర్చోక ఒక పక్కకు ఒరిగేది. పిన్నుల మొదట్లో చుట్టిన రాగి తీగ మీద టంకం గడ్డకట్టి బాబిన్‌ను, అంటే తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రాన్ని, పైకెత్తేది. బలవంతంగా నొక్కితే తీగ తెగుతుంది. ఆ పద్ధతి నాకసలు నచ్చదు.

అడుగున చిన్న కాళ్లు, అంచున తీగకు గాడి ఉన్న బాబిన్‌కు మారాం. గడ్డ ఆ కాళ్ల ఎత్తులోనే ఇమిడిపోయింది.

రెండు వరుసల పిన్నులూ ఒకేలా ఉండడంతో తిప్పి అమర్చే వీలూ ఉండేది. 230 వోల్టుల మెయిన్స్‌ను డీసీగా మార్చాక దాదాపు 325 వోల్టులు ఉండే చోట అది సహించరానిది. వాడని పిన్ను ఒకటి తీసేసి, బోర్డులో దానికి రంధ్రం వేయించలేదు. ఇప్పుడు తిప్పి పెడితే దిగదు. మూల పిన్ను మాత్రం తీయకండి, పట్టు తగ్గుతుంది.