ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఎలా చూడాలి?

ఊళ్లో రోడ్డు వేస్తే కాంట్రాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది. ఆ కంపెనీ ఏ పార్టీకి ఎంత చందా ఇచ్చిందో మాత్రం ఏ బోర్డూ చెప్పదు. ఆ లెక్క మనమే తీసుకోవాలి. కంప్యూటరు, నెట్, ఓ సాయంత్రం చాలు.

1. ఏ కాలం లెక్క కావాలో ముందు తేల్చుకోండి. 2019 ఏప్రిల్ 12 నుంచి 2024 ఫిబ్రవరి దాకా అయితే ఎలక్టోరల్ బాండ్ల జాబితాలు చూడాలి. స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇస్తే, పార్టీ డబ్బుగా మార్చుకునే పత్రాలే ఈ బాండ్లు. కొన్నవాళ్ల పేర్లను గుట్టుగా ఉంచిన ఆ పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. స్టేట్ బ్యాంకు ఇంకా గడువు కావాలన్నా ఒప్పుకోలేదు. కోర్టు అలా పట్టుబట్టింది కాబట్టే ఆ వివరాలు ఎన్నికల సంఘం వెబ్‌సైటుకు ఎక్కాయి.

2. 2024 మార్చి 21న పెట్టిన ఫైళ్లనే దించుకోండి. మార్చి 14 నాటి వాటిలో కొన్నవాళ్లు ఒక జాబితా, సొమ్ము చేసుకున్న పార్టీలు మరో జాబితా. ఎవరి బాండు ఎవరికి చేరిందో తెలీదు. బాండు నంబర్లు ఉన్నవి తర్వాత వచ్చినవే.

3. ఇక నంబర్లు జత చేయాలి. తప్పులో కాలేసేది ఇక్కడే. బాండు నంబరులో ముందు రెండు అక్షరాలు, తర్వాత అంకె ఉంటాయి. కోటి రూపాయల బాండుకు ఓసీ, పది లక్షలకు టీఎల్, లక్షకు ఓఎల్. అంకె ఒక్కటే పట్టుకుంటే కోటి బాండూ లక్ష బాండూ కలిసిపోవచ్చు. ఎక్సెల్‌లో అక్షరాలనూ అంకెనూ ఒకే గడిలోకి కలపండి, రెండు జాబితాల్లోనూ. ఆపైన వీలుకప్ (VLOOKUP) వేయండి, ఒక జాబితాలోని నంబరును రెండో జాబితాలో వెతికిపెట్టే ఫార్ములా అది. బాండు చెల్లుబాటు 15 రోజులే కాబట్టి, కొన్న తేదీకీ మార్చుకున్న తేదీకీ నెలల తేడా వస్తే జత తప్పిందన్నమాట.

4. ఒక్క పేరుతో ఆగకండి. మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉంది. అదే గ్రూపులోని వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ మరో 220 కోట్లవి కొంది. పేరు చూస్తే సంబంధం తెలుస్తుందా? అందుకే కంపెనీ వార్షిక నివేదికలో అనుబంధ సంస్థల పేర్లు రాసుకుని, వాటినీ వెతకాలి.

కాంట్రాక్టు దక్కిన తేదీని బాండు తేదీ పక్కన పెట్టి చూడండి. దగ్గరగా ఉన్నంత మాత్రాన లంచమని రాసేయకండి, చందా ఇవ్వడం నేరం కాదు. కానీ అడిగి తీరాల్సిన ప్రశ్న అది.

5. బాండ్లు పోయాక మిగిలినవి పార్టీలు ఎన్నికల సంఘానికి ఏటా ఇచ్చే చందాల నివేదికలు. 20 వేలు దాటిన ప్రతి చందా దాత పేరుతో సహా అందులో ఉండాలి. దాత చోట ఎలక్టోరల్ ట్రస్టు (కంపెనీల దగ్గర చందాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థ) పేరు కనిపిస్తే, ఆ ట్రస్టు నివేదిక తెరిచి దానికి డబ్బిచ్చిన కంపెనీలేవో చూడండి. అయితే అక్కడ అందరి సొమ్మూ ఒక కుండలో పడుతుంది, ఎవరిది ఎటు వెళ్లిందో విడదీయడం కష్టం.

6. మీరు యూనియన్ సభ్యులైతే మీ చందా సంగతీ చూసుకోండి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 2025 నవంబరులో దాని చోట వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, రెండూ రాజకీయ ఖర్చుకు విడిగా నిధి పెట్టమన్నాయి. దానికి ఇవ్వనన్న సభ్యుణ్ణి బలవంతపెట్టకూడదన్నాయి. కంపెనీలో వాటాదారుకు ఇలా తప్పుకునే వీల్లేదు. డైరెక్టర్ల బోర్డు తీర్మానిస్తే సరిపోతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. మీ దగ్గర పది షేర్లున్నా సరే, వార్షిక సమావేశానికి ముందు లాభనష్టాల ఖాతా తెరిచి, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటారేమో లెక్క కట్టండి. 2017లో ఎత్తేసిన ఆ పరిమితి కోర్టు తీర్పుతో తిరిగొచ్చింది. లెక్క తేడాగా ఉంటే ప్రశ్నను ముందే రాసి కంపెనీ సెక్రటరీకి పంపండి.