వ్రతం అయ్యాక మిగిలిపోయిన యాపిల్స్‌తో ఏం చేయాలి

వరలక్ష్మీ వ్రతం నుంచి దసరా దాకా మన ఇళ్లల్లో యాపిల్స్ పేరుకుపోతాయి. హిమాచల్ కాయ, దాని వెనకే కశ్మీర్ కాయ మార్కెట్లోకి దిగే రోజులు కాబట్టి ధర కూడా కాస్త తగ్గుతుంది. తాంబూలంలో వచ్చినవి, పూజలో పెట్టినవి, చుట్టాలు తెచ్చినవి అన్నీ కలిపితే ఒక్కోసారి పాతిక కాయలు తేలతాయి. వాటిని కవర్‌తో సహా ఫ్రిజ్‌లోకి తోసేస్తే పది రోజులకి అడుగున ఒకటి కుళ్లి, చుట్టూ ఉన్న నాలుగింటినీ పాడుచేస్తుంది. అందుకే మొదటి రోజే ఏరాలి.

అన్నీ టేబుల్ మీద పరిచి, ఒక్కో కాయనీ చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పుతూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉండి, దెబ్బ లేనివి దాచడానికి పక్కన పెట్టండి. నొక్కు పడినవి, తొడిమ దగ్గర చీలినవి, పూజలో అగరొత్తులు గుచ్చినవి ఒకటి రెండు రోజుల్లో వండేయడానికి. కుళ్లు లోపలికి దిగిన కాయని మాత్రం బాగున్నంత మేర కోసుకుందామని చూడకుండా పారేయండి.

దాచేవాటిని కడగకండి, తడి ఉంటే బూజు పడుతుంది, పసుపు కుంకుమలు అంటితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నాలుగైదు చిల్లులు పొడిచిన కవర్లో వేసి ఫ్రిజ్ కింది ట్రేలో పెడితే గట్టి కాయలు నెల రోజులు హాయిగా ఉంటాయి. అదే బయట పెడితే మన ఎండలకి వారం తిరిగేసరికి పిండిపిండిగా అయిపోతాయి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ ట్రేలో కూరగాయలు పెట్టొద్దు. యాపిల్ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, పక్కన ఉన్నవాటిని అది తొందరగా ముదరబెడుతుంది. పోయిన శ్రావణంలో నేను కీరదోస, కొత్తిమీర, క్యారెట్ అన్నీ యాపిల్స్‌తో కలిపి పెట్టాను. కీర పసుపెక్కింది, కొత్తిమీర పండిపోయింది, క్యారెట్ కోసి నోట్లో వేసుకుంటే చేదు. ఇంకా పచ్చిగా, గట్టిగా ఉన్న అరటిపండు తొందరగా పండాలంటే మాత్రం ఇదే గుణం పనికొస్తుంది, ఒక యాపిల్‌తో కలిపి కాగితం సంచిలో పెట్టండి.

పిల్లల బాక్సులోకి ముక్కలు నల్లబడకుండా ఉండాలంటే గ్లాసు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ముంచి, మంచినీళ్లతో ఒకసారి కడిగేయండి. ఉప్పదనం తెలియదు.

ఇక వంట. ఆకుపచ్చ కాయ పుల్లగా ఉంటుంది కాబట్టి మామిడికాయ దొరకని రోజుల్లో పప్పులోకీ పులిహోరలోకీ బాగుంటుంది. మనకి ఎక్కువగా దొరికే ఎర్ర కాయలో పులుపు తక్కువ, దాంతో పచ్చడి చేస్తే చింతపండు కలపాల్సిందే. మినపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేయించి తీసేసి, అదే మూకుడులో తొక్కతోనే ముక్కల్ని రెండు నిమిషాలు మాత్రం మగ్గించండి, అంతకు మించితే గుజ్జయిపోయి పచ్చడి జావలా తయారవుతుంది. గింజలు తప్పకుండా తీసేయాలి, మిక్సీలో నలిగితే చేదు. పోపు, ఉప్పు, చింతపండు ముందు తిప్పి, ముక్కలు చివర్లో వేసి కచ్చాపచ్చాగా ఒక్క తిప్పు తిప్పితే వేడన్నంలోకి చాలా బాగుంటుంది.

దెబ్బ తగిలిన కాయలు ఎక్కువుంటే నా ఓటు హల్వాకే. నాలుగు కాయలు చెక్కు తీసి, మూకుడులో రెండు స్పూన్ల నెయ్యి వేడెక్కాక నేరుగా అందులోకే తురుముకోండి, పళ్లెంలోకి తురిమితే మీరు పొయ్యి దగ్గరికి వచ్చేలోపే రంగు మారుతుంది. మొదట నీళ్లు ఊరి కూరలా కనిపిస్తుంది, కంగారుపడి చక్కెర అప్పుడే వేయకండి. ఆ తడి ఇంకి, గరిటె గీసిన దారి మూసుకోకుండా నిలిచినప్పుడు అర కప్పు చక్కెర, చిటికెడు ఉప్పు వేయండి. మళ్లీ పల్చబడుతుంది, మళ్లీ దగ్గరపడుతుంది, అంచుల్లో నెయ్యి మెరుస్తూ ముద్ద మూకుడుని వదిలేస్తే అయిపోయినట్టే. రంగు పొడి అక్కర్లేదు, తేనె రంగు దానంతటదే వస్తుంది. యాలకుల పొడి, వేయించిన జీడిపప్పు కలిపి దించి, నిమ్మరసం నాలుగు చుక్కలు పిండండి, ఎర్ర కాయకి లేని ఆ పులుపు తగిలితేనే యాపిల్ రుచి తెలుస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది, తినే ముందు కాస్త వెచ్చబెట్టుకోండి.