గుడ్డ ముక్కలతో ఆవు, పొలం: బొమ్మల క్విల్ట్ కుట్టడం ఎలా

క్విల్ట్ అంటే రెండు గుడ్డల మధ్య మెత్తటి పొర పెట్టి మూడింటినీ కలిపి కుట్టేది, దాని మీద గుడ్డ ముక్కలతో ఆవు మొహం కుట్టాలనుకున్న వాళ్ళు ముందు వెతికేది గోధుమరంగు గుడ్డ. నేనూ అదే చేశాను. దొరికిన గోధుమరంగులన్నీ పోగేసి, రెండు వారాలు కూర్చుని కత్తిరించి, అంటించి, గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే అక్కడ ఆవు కనపడలేదు, పెద్ద గోధుమరంగు మచ్చ కనపడింది. ముక్కలన్నీ దాదాపు ఒకే ముదురులో ఉండటంతో చెంప ఎక్కడ అయిపోయిందో, మెడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. తర్వాత అదే బొమ్మను ఊదా, నీలం, నారింజ, పసుపు ముక్కలతో చేశాను, కాకపోతే వెలుగు పడే చోట లేతవి, నీడ పడే చోట ముదురువి పెట్టాను. చూసిన వాళ్ళందరికీ అది ఆవుగానే కనపడింది, ఆవు ఊదారంగులో ఉందేమిటని ఎవరూ అడగలేదు. అందుకే ముందు వెలుగునీడలు చూసుకోండి, రంగు సంగతి ఆ తర్వాత. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట ఫొటో. మీరు తీసిందే వాడండి, వేరేవాళ్ళదైతే అనుమతి అడగండి. నిలబడి కిందికి వంగి తీసిన ఫొటోలో జంతువు తల పెద్దగా, కాళ్ళు పొట్టిగా వస్తాయి, కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని దాని కళ్ళ ఎత్తులో తీయండి. ఎండ ఒక పక్క నుంచి పడే పొద్దుట పూటో సాయంత్రమో అయితే మంచిది, మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో మొహం మీద నీడలు సరిగ్గా ఏర్పడవు. మొదటి క్విల్ట్‌కి పొలం, గుడిసె, నాలుగు ఆవులు, చెట్టు అన్నీ పెట్టుకోకండి. ఒక మేక తల, మెడ, వెనక కాస్త గడ్డి, సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఇది చేతిలో ఇమిడే పని, మిషన్ కింద తిప్పడానికీ తేలిక.

ఆ ఫొటోను ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి, పోస్టరైజ్ అనే ఎఫెక్ట్ ఉన్న యాప్‌లో నాలుగైదు ఛాయలకు తగ్గించండి. అది లేకపోతే కళ్ళు సగం మూసి చూడండి, చిన్న చిన్న వివరాలు చెరిగిపోయి వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మాత్రం మిగులుతాయి. కావలసిన సైజులో ప్రింట్ తీసి, మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, ఆ ముద్దల అంచుల వెంట గీతలు గీయండి. ప్రతి ముక్కకూ ఒక నంబరు, పక్కనే అది ఎంత ముదురో ఒక గుర్తు రాసుకోండి, నేను అన్నిటికంటే లేతకు 1, అన్నిటికంటే ముదురుకు 5 వేస్తాను. చిటికెన వేలి గోరు కంటే చిన్న ముక్క వస్తే దాన్ని పక్క ముక్కలో కలిపేయండి, ఆ వివరం తర్వాత దారంతో వస్తుంది.

వివరాలు తగ్గిస్తే జంతువు పోలిక పోతుందేమో అని భయపడేవాళ్ళకి హ్యారియెట్ పవర్స్ పని చూడమని చెబుతాను. 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టిన ఆమె కుట్టిన క్విల్టుల్లో రెండు మిగిలాయి, ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో, రెండోది బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో. బోస్టన్‌లో ఉన్నదానిలో 15 గళ్ళు, వాటి నిండా జంతువులు. జార్జియా నుంచి వర్జీనియాకు 500 మైళ్ళు పరిగెత్తిన బెట్స్ అనే పంది కూడా ఒక గడిలో ఉంది, ఆ సంగతి ఆమె వివరణలోనే చెప్పింది. అవన్నీ చాలా సాదా ఆకారాలు, లోపల వెలుగునీడల విభజన కూడా లేదు, బయటి గీత ఒక్కటే. అయినా ఏ జంతువో వెంటనే తెలిసిపోతుంది. చెవి ఎటు తిరిగింది, వీపు ఎక్కడ వంగింది, కాళ్ళు ఎలా ఉన్నాయి అన్నవి సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే, కాబట్టి గీయడంలో ఓపిక అంతా ఆ బయటి గీత మీద పెట్టండి.

ఇక గుడ్డలు, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నేత దగ్గరగా ఉన్న కాటన్ తీసుకోండి, పోగులు తక్కువ ఊడతాయి, బాటిక్ గుడ్డలు ఈ పనికి చాలా బాగుంటాయి. పాత చొక్కాలు, దుపట్టాలు, కర్టెన్లలో మిగిలిన పీలికలు ఏవైనా పనికొస్తాయి కానీ ముందు అన్నీ ఉతకాలి, సాఫ్ట్‌నర్ వేయకుండా, ఎందుకంటే కొత్త గుడ్డ మీది గంజీ సాఫ్ట్‌నర్ పూతా ఉంటే జిగురు సరిగ్గా పట్టదు. ఎరుపు, ముదురు నీలం లాంటివైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే అది ఈ పనికి వద్దు. తర్వాత అన్నిటినీ నేల మీద పరిచి బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసి, కనిపించిన ఛాయ ప్రకారం ఐదు కుప్పలు చేయండి. మొదటిసారి చేసినప్పుడు ఆశ్చర్యపోతారు, కంటికి పూర్తిగా వేరుగా కనిపించే ఎరుపూ ఆకుపచ్చా ఫొటోలో ఒకే బూడిదరంగులో కలిసిపోవడం మామూలే. ఒకే కుప్పలో ఉన్నవి ఏ రంగైనా ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు.

గుడ్డ మీది డిజైన్ కూడా బొమ్మ గీయడంలో సాయం చేస్తుంది, దాన్ని వాడుకోండి. సన్న చారల గుడ్డను కాస్త వంచి పెడితే దుక్కి చాళ్ళు, చిన్న ఆకుల ప్రింట్ దూరంగా చెట్ల గుంపు, చుక్కల గుడ్డ కోడి రొమ్ము మీది ఈకలు. నేనైతే కత్తిరించే ముందు కాగితంలో కిటికీలా రంధ్రం కోసి గుడ్డ మీద జరుపుతూ చూస్తాను, ఏ చోట ముక్క తీస్తే డిజైన్ బొమ్మకు కలుస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఇంకో సంగతి, గుడ్డను వెనక్కి తిప్పండి. చాలా ప్రింట్లకు వెనక వైపు అదే రంగు ఒక మెట్టు లేతగా ఉంటుంది, దానితో కొత్త గుడ్డ కొనకుండానే మధ్య ఛాయ దొరుకుతుంది.

అంటించడానికి కావలసింది ఫ్యూజిబుల్ వెబ్, అంటే ఒకవైపు కాగితం ఉండి, వేడికి కరిగే సన్నని జిగురు పొర. సన్నరకం తీసుకోండి, మందంది సూదికి అంటుకుంటుంది, గుడ్డను అట్టలా చేస్తుంది. మీ బొమ్మను ఈ కాగితం వైపు తిరగేసి గీయాలి, అద్దంలో కనిపించినట్టు. ట్రేసింగ్ పేపర్‌ను బోర్లా తిప్పి, వెనక నుంచి కనిపించే గీతల మీదుగా దిద్దితే చాలు. ఈ ఒక్కటీ మరిచిపోయి ఒక మేకకు కత్తిరించిన ముప్ఫైకి పైగా ముక్కలు మళ్ళీ కత్తిరించాను, అందుకే ఇప్పుడు ట్రేసింగ్ పేపర్‌కి రెండు వైపులా పెద్ద అక్షరాలతో ఇది ముందు, ఇది వెనక అని రాస్తాను.

గీసిన ముక్క చుట్టూ అర సెంటీమీటరు వదిలి కత్తిరించి, గుడ్డ వెనక వైపు పెట్టి ఇస్త్రీ పెట్టెతో అదమండి. బట్టల మీద రుద్దినట్టు రుద్దితే ముక్క జరిగిపోతుంది, పెట్టి, నొక్కి, ఎత్తి, పక్కన పెట్టండి. ఎన్ని సెకన్లు, ఎంత వేడి అన్నది ప్యాకెట్ మీద ఉంటుంది, ఒక్కో రకానికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి అదే పాటించండి. పూర్తిగా చల్లారాక గీత మీద కత్తిరించి కాగితం తీయండి. ఊడిరాకపోతే కాగితం మధ్యలో గుండుసూదితో ఒక గీత గీస్తే అక్కడ విడిపోతుంది. ఇంకో ముక్క కిందికి వెళ్ళే అంచును మాత్రం 5, 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి, లేకపోతే రెండింటి మధ్య సందులోంచి కింద గుడ్డ కనిపిస్తుంది. పెద్ద ముక్కలకైతే జిగురు పొర మధ్య భాగం ముందే కోసి తీసేసి అంచుల దగ్గర మాత్రం ఉంచుతాను, గుడ్డ మెత్తగా ఉండిపోతుంది.

జంతువును నేపథ్యం మీద నేరుగా పేర్చకండి. బొమ్మ గీసిన కాగితం మీద బటర్ పేపర్ పరిస్తే గీతలు కింద నుంచి కనిపిస్తాయి, దాని మీద ముక్కలు పేర్చుకుంటూ తేలిగ్గా ఇస్త్రీ చేస్తూ పొండి. అంతా అయి చల్లారాక మొత్తం మేక ఒకే ముక్కలా ఊడి వస్తుంది. అప్పుడు దాన్ని నేపథ్యం మీద అటూ ఇటూ జరిపి ఎక్కడ బాగుందో చూసుకోవచ్చు.

నేపథ్యం పైనుంచి కిందికి కట్టుకు రండి, ఆకాశం, దూరపు కొండలు, చెట్లు, పొలం, గట్టు, చివరికి దగ్గరి గడ్డి. ఆకాశమూ నేలా కలిసే గీతను సరిగ్గా మధ్యలో పెడితే బొమ్మ రెండుగా విడిపోయినట్టు ఉంటుంది, పైకో కిందికో మూడో వంతు దగ్గర పెట్టండి. దూరంగా ఉన్నవి లేతగా, కాస్త నీలం కలిసినట్టు, ఒకదానికొకటి తేడా తక్కువగా ఉండాలి, దగ్గరికి వచ్చేకొద్దీ ముదురూ లేతా తేడా పెరగాలి, ప్రింట్ పెద్దదవ్వాలి. నిలబడిన జంతువైతే కాళ్ళ కింద నీడ తప్పకుండా పెట్టండి, పల్చటి ముదురు రంగు నెట్ గుడ్డ ముక్క అయినా సరే, నీడ లేకపోతే గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. గిట్టలు కష్టమనిపిస్తే వాటి ముందుకు నాలుగు గడ్డిపోచలు రానివ్వండి, జంతువు నేలలో పాతుకున్నట్టు కూడా కనిపిస్తుంది.

కన్ను దగ్గర తొందరపడకండి. మేకకు, గొర్రెకు కంటిపాప అడ్డంగా, ఇంచుమించు దీర్ఘచతురస్రంలా ఉంటుంది, ఆవుకు అడ్డంగా కోలగా, కోడికి గుండ్రంగా. గుండ్రటి నల్ల చుక్క పెట్టిన మేకలో ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కానీ ఏమిటో చెప్పలేం. నేను ముదురు గోధుమరంగు ముక్క మీద నల్లపాప, దాని మీద 2 మిల్లీమీటర్ల తెల్ల చుక్క పెడతాను, ఎండ ఎటునుంచి పడుతుందో ఆ వైపు. రెండు కళ్ళు కనిపిస్తే రెండింటికీ ఆ చుక్క ఒకే పక్క ఉండాలి. అంటించే ముందు నాలుగైదు కళ్ళు తయారుచేసి ఒక్కోటీ పెట్టి దూరంగా వెళ్ళి చూస్తాను. తెల్ల చుక్క పెట్టిన క్షణంలో జంతువు మనవైపు తిరిగి చూస్తుంది, ఇన్నేళ్ళు చేసినా ఆ క్షణం కోసం ఎదురుచూస్తాను.

ఇక కుట్టు. అంచులు మడవకుండా అంటించాం కాబట్టి ప్రతి ముక్కనూ దారంతో పట్టాలి. మిషన్‌లో గుడ్డను జరిపే పళ్ళు కిందికి దించి, డార్నింగ్ ఫుట్, అంటే గుడ్డను గట్టిగా అదిమిపట్టని పాదం, పెట్టుకుంటే గుడ్డను ఎటు కావాలంటే అటు మీ చేతులతోనే తిప్పొచ్చు. సూది 80/12 లేదా 90/14, దారం 40 లేదా 50 నంబరు, నంబరు తగ్గేకొద్దీ దారం లావని గుర్తుంచుకోండి. మొదలుపెట్టేటప్పుడు బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు దారాలూ పట్టుకుని నాలుగు కుట్లు వేయండి, లేకపోతే కింద ఉండలు కడుతుంది. మిషన్ కాస్త వేగంగా, చేతులు నిదానంగా. ముందు పనికిరాని గుడ్డ మీద ఒక గంట గీతలు, సున్నాలు, మీ పేరు కుట్టి చూడండి, టెన్షన్ పడి భుజాలు బిగబట్టుకుంటే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి.

బొచ్చు ఎటు పెరుగుతుందో కుట్టూ అటే వెళ్ళాలి. ఆవు మొహంలో ముక్కు నుంచి పైకి, నుదుటి దగ్గర సుడి తిరిగి, చెంపల మీదుగా వెనక్కి, మెడ మీద కిందికి. ఫొటో పక్కన పెట్టుకుని బాణం గుర్తులు వేసుకోండి. పొడవూ పొట్టీ కలిపి, చిందరవందరగా, ముందు ముదురు దారాలు, చివర లేతవి వేయండి, ఒక ముక్క దారం పక్క ముక్కలోకి కాస్త చొరబడితే రెండు ఛాయల మధ్య గీత మాయమవుతుంది. ఇంత దట్టంగా కుట్టేటప్పుడు గుడ్డ ముడుచుకుంటుంది, అందుకని కింద స్టెబిలైజర్, అంటే గుడ్డను బిగువుగా నిలబెట్టే పొర, పెట్టండి, నేపథ్యాన్ని మొదటే అన్ని వైపులా 5 సెంటీమీటర్లు పెద్దగా తీసుకోండి. మిషన్ లేకపోతే చేత్తో కాడ కుట్టు, చిన్న చిన్న విడి కుట్లు వేసినా బాగుంటుంది, అప్పుడు జిగురు ఇంకా తక్కువ వాడండి, లేకపోతే వేళ్ళు నొప్పి పుడతాయి.

తర్వాత మూడు పొరలు. అడుగు గుడ్డను తిరగేసి బల్ల మీద సాగకుండా, ముడత లేకుండా టేపుతో అంటించి, దాని మీద బ్యాటింగ్, అంటే దూదిలాంటి మెత్తటి పొర, దాని మీద బొమ్మ. కింది రెండూ చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. అరచేతి వెడల్పుకు ఒక పిన్నీసు. గోడకు వేలాడే వాటికి కాటన్ బ్యాటింగ్ బల్లపరుపుగా ఉండి బాగుంటుంది, జంతువు శరీరం కింద మాత్రం ఇంకో పొర పెడితే పొట్ట, చెంప కాస్త ఉబ్బి వస్తాయి.

ఈ మూడు పొరల్నీ కలిపే కుట్టు అంతటా ఇంచుమించు ఒకే దట్టంగా ఉండాలి. మేకను దట్టంగా కుట్టి ఆకాశాన్ని ఖాళీగా వదిలేస్తే ఆకాశం అలలు తిరుగుతుంది, ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు. ఆకాశానికి అడ్డంగా సన్నటి అలల గీతలు, పొలానికి దూరం వెళ్ళేకొద్దీ దగ్గరయ్యే చాళ్ళు, చెట్లకు చిన్న సున్నాలు, గడ్డికి పైకి లేచే పోచలు.

కుట్టడం అయ్యాక నీళ్ళు చిలకరించి, చదునైన చోట పిన్నులతో సరిగ్గా సాగదీసి ఆరనివ్వండి, ఆరాక అంచులు స్కేలు పెట్టి కోయండి. అంచుకు బైండింగ్, అంటే ముందుకు కూడా కనిపించే పట్టీ, వేస్తే బొమ్మ చుట్టూ గీత గీసినట్టవుతుంది, పొలం అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది, అందుకని నేను పట్టీని ముందువైపు కుట్టి పూర్తిగా వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తాను. వెనక పైభాగంలో 10 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలాంటి పట్టీ కుట్టి అందులో కర్ర దూర్చి వేలాడదీయండి, పట్టీ కాస్త వదులుగా ఉంటే కర్ర ముందుకు ఉబ్బి కనిపించదు. ఎండ నేరుగా పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి. దాచాల్సి వస్తే మడతపెట్టకుండా బొమ్మ బయటికి ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టండి, అలా చుడితే ముడతలు వెనక గుడ్డ మీదే పడతాయి. చుట్టేముందు వెనక మూలన ఒక చిన్న గుడ్డ ముక్క మీద మీ పేరు, సంవత్సరం, ఆ జంతువుకు పేరుంటే అదీ రాసి కుట్టేయండి.